విమానం పొగకు... కానుగ నూనె!

సదస్సు జరిగింది అమెరికాలోని వాషింగ్టన్‌లో. దాని పొగకు పరిహారం అందుకున్నది మన ఆదిలాబాద్ అడవిలోని ఆడవాళ్లు!

ఆర్మూర్ దాటి, గోదావరి మీదుగా ఉత్తరానికి వెళ్తే ఆదిలాబాద్ కొండలు వస్తాయి. అక్కడ జైనూర్ మండలంలో ఓ చిన్న ఆదివాసీ పల్లె పవర్‌గూడ. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. 2003 అక్టోబరులో ప్రపంచబ్యాంకు ఓ అంతర్జాతీయ సదస్సు పెట్టింది. ప్రతినిధుల విమాన ప్రయాణాల వల్ల గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువుకు బదులుగా పవర్‌గూడ మహిళా సంఘాలకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి లెక్కలో 30 వేల రూపాయలకు కాస్త తక్కువ.

ఇంతకీ వాళ్లు అమ్మిందేమిటి? 147 టన్నుల వాయువును తగ్గిస్తామన్న మాట! సంఘాల 4,500 కానుగ చెట్ల గింజల నుంచి పదేళ్లలో 51 టన్నుల నూనె వస్తుందనీ, అంతమేరకు డీజిల్ వాడకం తగ్గుతుందనీ అంచనా. ఈ పల్లెలో కానుగ పనికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోడ్పడ్డారు.

కానుగ మన నేలలో పుట్టిన చెట్టు. వేళ్లూనుకుంటే ఎండలకు తట్టుకుంటుంది. పప్పుజాతిది కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది. నూనె తీశాక మిగిలే చెక్క పొలానికి ఎరువు.

అయితే ఓ చిక్కుంది. విమానం పొగ ఒక్కరోజులో గాలిలో కలుస్తుంది. చెట్టు బాకీ తీర్చడానికి పదేళ్లు కావాలి. ఈలోగా మొక్క ఎండిపోతే? పొగ మిగులుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే ముందు ప్రయాణాలు తగ్గించుకోవాలి. తప్పనివాటికే మొక్కలు. నాటినరోజు ఫొటో కాదు, మూడో వేసవిలో బతికున్న మొక్కల సంఖ్యే అసలు లెక్క.

పసుపు పండించే ఆర్మూర్‌కూ ఈ పాఠం పనికొస్తుంది. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025 జూన్ 29న నిజామాబాద్‌లో మొదలైంది. రైతులూ వ్యాపారులూ అధికారులూ కలిసే సమావేశాలంటే కార్లూ బస్సులూ తప్పవు. శాలువాలకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చులో కొంత పక్క ఊరి మహిళా సంఘానికిచ్చి, కానుగ, వేప, చింత మొక్కల పెంపకం అప్పగిస్తే..? మూడేళ్లపాటు నీళ్లు పోసి, మేకల నుంచి కాపాడినందుకు కూలీ ఇస్తే..?

సదస్సు సాయంత్రానికి ముగుస్తుంది. దాని నీడ మాత్రం ఊరికి మిగులుతుంది!