గుట్టలమీది ఉలిగంట్లు

కరీంనగర్ జిల్లా గంగాధర మండలములో కురిక్యాల గ్రామమునకు చేరువను బొమ్మలగుట్ట యను రాతిగుట్ట కలదు. తెలుగు సాహిత్యము చదువుకొన్నవారికి ఈ పేరు క్రొత్తది కాదు. క్రీ. శ. 945 ప్రాంతమున జినవల్లభుడు ఇచ్చటి బండపై జినబింబములను, చక్రేశ్వరిని చెక్కించి, వాని క్రింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వ్రాయించెను. ఈతడు విక్రమార్జునవిజయకర్త యగు పంపకవికి తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య ప్రభువగు రెండవ అరికేసరి ఆస్థానకవి. అన్నగారి బిరుదమును పెట్టి కవితాగుణార్ణవమను చెరువును, త్రిభువనతిలకమను బసదిని, మదనవిలాసమను తోటను తాను నిర్మించినట్లు తమ్ముడు చెప్పుకొన్నాడు. అందలి తెలుగు కందపద్యములు మూడును నన్నయకంటె నూరేండ్లకు పూర్వపువి. 2008 లో తెలుగునకు ప్రాచీనభాషగా గుర్తింపు వచ్చిన సందర్భమున చూపబడిన ఆధారములలో వీనికిని చోటు దక్కినది.

ఈ పద్యములకొరకు గుట్ట యెక్కువారు అక్షరములను చూచి, నమస్కరించి, దిగివత్తురు. కాని ఈ ప్రాంతపు గుట్టలపై మరియొక వ్రాత కూడ కలదు. అది ఏ శాసనసంపుటమునకును ఎక్కలేదు. గుండు అంచునను, పరుపుబండ మీదను, పలువరుసవలె తిన్నగా సాగిన చిన్న చిన్న నలుపలకల గుంటలే ఆ వ్రాత. గొఱ్ఱెలకాపరులు వానిని నిత్యము చూచుచునే యుందురు. ఏ భీముడో చేతివ్రేళ్ళతో నొక్కినాడని చెప్పువారును కలరు. అవి రాతిపనివారు బండను చీల్చుటకు ఉలితో తొలిచిన గుంటలు.

వానిని చదువుట కష్టము కాదు. గుంటలు నిలువున సగమై, బండ అంచున దంతములవలె మిగిలినచో రాయి అనుకొన్నట్లే చీలినదని అర్థము. తక్కిన సగము ఏ గుడిగోడలోనో, ఏ కోటబురుజులోనో ఉండును. గుంటలు పూర్తిగా మిగిలియున్నచో పని నడుమనే నిలిచిపోయినదన్నమాట. బండలో బీట కనబడినదో, కట్టడమే ఆగినదో, కూలి అందలేదో, దండు వచ్చిపడినదో! ఆ కారణమును బండ చెప్పదు. ఈజిప్టుదేశములో ఆస్వాన్ నగరముకడ సుమారు 42 మీటర్ల పొడవుగల ఏకశిలాస్తంభమొకటి సగము చెక్కి విడువబడినది. రాతిలో పగులు బయటపడుటయే దానికి కారణమందురు. మహాబలిపురమునను, హంపీ గుండ్లమీదను గుంటల వరుసలు విస్తారముగా కనిపించును. యాత్రికులు అచ్చట వానిని వింతగా చూతురు. మన ఊరి గుట్టమీద చూడరు.

గ్రానైటు పొరలు పొరలుగా పేరుకొన్న రాయి కాదు. అయినను దానికొక వాటము కలదు. ఒక దిక్కున సులువుగా చీలును, మరియొక దిక్కున మొండికెత్తును. సుత్తెతో తట్టి, మ్రోతను విని ఆ వాటమును కనిపెట్టుట వడ్డెరల విద్య. గుట్టపై ఎండకును వానకును బండ తానే పెచ్చులుగా విడివడుచుండును. అట్టిచోట మంట పెట్టి వేడిచేసినచో పలక పైకి లేచును. మందమైన దిమ్మ కావలెనన్న మాత్రము గుంటలు తొలిచి చీలలు దింపవలసినదే. ఎండుకట్టె చీలలు బిగించి నీరు పోసినచో కట్టె ఉబ్బి బండను పగులగొట్టునను మాట లోకమంతట ప్రచారములో నున్నది. వినుటకు ఇంపుగానే యున్నది గాని, లోతు చాలని గుంటలో నానిన కట్టెకు గ్రానైటును చీల్చునంతటి బలమెట్లు వచ్చును? ఇనుపచీలలను వరుసగా, ఒక్కొక్కదానిపై కొంచెము కొంచెముగా సమ్మెట దెబ్బ వేయుచు దింపిరనుటయే నాకు సబబుగా తోచుచున్నది.

ఇనుము మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. గ్రానైటుపై ఉలిమొన గడియ గడియకు మొద్దుబారును. కొలిమి లేనిదే రాతిపని సాగదు. ఆ కొలిమికి ఉత్తర తెలంగాణము పుట్టినిల్లు. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో ఉక్కు కరగించు విధమును 1820 ప్రాంతమున వాయిసీ యను దొర కన్నులార చూచి వ్రాసెను. ఆ ఉక్కును కొనుటకు ఇస్ఫహానునుండి వర్తకుడు వచ్చియుండెనట. 2010 లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఈ జిల్లాలలో సంచరించి, ఇనుము ఉక్కుల పనికి సంబంధించిన చోట్లను రెండువందలకు పైగా నమోదుచేసిరి. చిట్టెపు కుప్పలకు ఆ గౌరవము దక్కినది. ఆ ఇనుముతో తొలిచిన గుంటలను అట్లు ఊరూర లెక్కించినవారు కానరారు.

ఇందులకు ఒక చిక్కు కలదు. గుంటను మాత్రము చూచి కాలము నిర్ణయించుటకు వీలులేదు. తాతలనాటి పద్ధతియే మొన్నమొన్నటివరకు నడిచినది. నిన్న తిరుగలికొరకు కొట్టిన గుంటయు, కాకతీయులనాటి గుంటయు ప్రక్కప్రక్కనే యుండవచ్చును. పట్టుకొనవలసినది కట్టడమును. ఎలగందుల, మొలంగూరు కోటలు రాతిగుట్టలపైననే నిలిచియున్నవి. కాలిక్రింద బండ ఉండగా దిగువనుండి రాయి మోయించు అవివేకి ఉండడు గదా! గోడరాతి అంచునగల సగపు గుంటల వెడల్పును, ఎడమును కొలిచి, గుట్టమీది సగపు గుంటలతో పోల్చినచో ఏ రాయి ఎచ్చటిదో తెలియగలదు. నగునూరు శిథిలాలయములలోని రాళ్ళకును ఇట్టి పరీక్ష చేయదగును.

పరీక్షకు గుట్టయే మిగులవలెను గదా! కరీంనగర్ గ్రానైటు నేడు టాన్ బ్రౌన్ అను పేర దేశాంతరములకు ప్రసిద్ధమైనది. దిమ్మలు కాకినాడ రేవుమీదుగా ఓడలెక్కి చీనాకు పోవుచున్నవి. ఆ పనిపై వేలమంది బ్రతుకుచున్నారు. దానిని నేను తక్కువ చేయను. అయినను భేదము గమనింపవలెను. పూర్వపు పనివాడు గుట్ట అంచున తనకు కావలసిన రాతిని విడదీసి, గుట్టను గుట్టగా విడిచిపోయెను. నేటి డ్రిల్లింగు యంత్రమును, వజ్రపు పళ్ళ తీగరంపమును గుట్టను మొదలంట కోయుచున్నవి. అట్టిచోట పాత గుంటలుండినవను జ్ఞాపకమును మిగులదు. తవ్వకములు బొమ్మలగుట్ట దాపునకు వచ్చినప్పుడు చరిత్రాభిమానులు అభ్యంతరము తెలిపిరి. పద్యములుండుటచేత వారి మాటకు బలము కలిగినది. పద్యములేని గుట్ట పక్షమున ఎవరు మాటాడుదురు? 1958 నాటి కేంద్రచట్టమునకు 2010 లో చేసిన సవరణ ప్రకారము కేంద్ర రక్షిత కట్టడమునకు చుట్టును 100 మీటర్లు నిషిద్ధప్రదేశము, దానికావల 200 మీటర్లు నియంత్రితప్రదేశము. కోటకు రాయి నిచ్చిన గని ఆ గీతకు అవతల పడినచో దానికి రక్షణ లేదు.

గుట్టలన్నిటిని కాపాడుమనుట జరుగు పని కాదు. కాని తవ్వకమునకు అనుమతి యిచ్చుటకు ముందు ఒక్కమారు ఎక్కి చూచి, ఉన్నదానిని వ్రాసికొనుటకు పెద్ద వ్యయము లేదు. మా తెలుగు విద్యార్థులును, చరిత్ర విద్యార్థులును సెలవు దినములలో ఈ పని చేయవచ్చును. కొలతపట్టీ, నోటుపుస్తకము, చేతిఫోనులోని కెమెరా చాలును. గుంట పొడవు, వెడల్పు, లోతు, గుంటకును గుంటకును నడిమి ఎడము, వరుస సాగిన దిక్కు, పూర్తి గుంటలా సగపు గుంటలా యను వివరము వ్రాయవలెను. ఊరిలో వృద్ధుడగు వడ్డెర యున్నచో వెంటబెట్టుకొని పోవలెను. ఏ పనిముట్టును ఏమని పిలుతురో ఆయన నోటనే విని, విన్నది విన్నట్లు వ్రాసికొనవలెను. ఆ మాటలలో పెక్కు మన నిఘంటువులకు ఎక్కలేదు. మాఘమాసమున గడ్డి ఎండిన పిదప, తెల్లవారిన గంటలోపల గుట్ట యెక్కుట మేలు. ఏటవాలు ఎండలో ప్రతి గుంటకును నీడ పడును. నడిమధ్యాహ్నమున కంటికి ఆననివి అప్పుడు వరుసతప్పక కనిపించును.