గల్ఫ్ ఆఫర్ వచ్చిందా? దేశం పేరు కాదు, ఊరి పేరు అడగండి

ఆనందపురం (విశాఖపట్నం): "సౌదీ వీసా వచ్చిందంట." "ఒమన్ కంపెనీ అంట, రెండేళ్ల అగ్రిమెంటు." ఆనందపురం జంక్షన్ నుంచి గాజువాక దాకా ఇలాంటి మాటలు కొత్తేమీ కాదు. పోర్టు, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, షిప్‌యార్డు చుట్టూ పని నేర్చుకున్న వెల్డర్లకు, పైప్ ఫిట్టర్లకు, రిగ్గర్లకు, క్రేన్ ఆపరేటర్లకు గల్ఫ్‌లో గిరాకీ ఉంది. ఇక్కడ కాంట్రాక్టు పనులు తగ్గినప్పుడల్లా బీరువాల్లోంచి పాస్‌పోర్టులు బయటికొస్తాయి.

జీతం ఎంత, ఏజెంటుకు ఎంత, ఫ్లైట్ ఎప్పుడు అని అందరూ అడుగుతారు. ఒక్క ప్రశ్న మాత్రం చాలామంది అడగరు. పని ఏ ఊళ్లో?

యూఏఈ అనగానే దుబాయ్ టవర్లు, సౌదీ అనగానే రియాద్, జెద్దా కళ్ల ముందు మెదులుతాయి. కానీ రిఫైనరీలు, గ్యాస్ ప్లాంట్లు, పైప్‌లైన్ల పనులు చాలావరకు ఆ నగరాల్లో ఉండవు. ఎడారిలోనో, ఎడారి సముద్రాన్ని తాకే చోటో ఉన్న చిన్న పట్నాల్లో ఉంటాయి. విశాఖ లాంటి నగరంలో పెరిగినవాడు అలాంటి ఊరికి మారితే మారేది జీతం ఒక్కటే కాదు.

ఎంత దూరం?

యూఏఈలో రువైస్ పెద్ద రిఫైనరీ ఉన్న పారిశ్రామిక పట్నం. అబూదాబీ నగరానికి పడమరగా సుమారు 240 కిలోమీటర్లు. అంటే విశాఖ నుంచి రాజమండ్రి దాటినంత దూరం. ఒమన్‌లో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన దుఖ్మ్ రిఫైనరీ మస్కట్‌కు దాదాపు 550 కిలోమీటర్లు. విశాఖ నుంచి విజయవాడ 350 అనుకుంటే, అంతకన్నా ఇంకో 200 ఎక్కువ. సౌదీ వాయవ్యాన ఉన్న తబూక్ నుంచి భారత కాన్సులేట్ ఉన్న జెద్దాకు రోడ్డు మీద దాదాపు వెయ్యి కిలోమీటర్లు.

ఈ దూరాలు ఎందుకు ముఖ్యం అంటే, గల్ఫ్‌లో మన ఎంబసీలు, కాన్సులేట్లు పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. జీతం ఆగినా, పాస్‌పోర్టు లాక్కున్నా, దుబాయ్‌లో ఉన్నవాడు బస్సెక్కి కాన్సులేట్‌కు వెళ్లగలడు. ఎడారి పట్నంలో ఉన్నవాడికి ఆ దారి ఖర్చే ఓ సమస్య. సెలవు దొరకడం ఇంకో సమస్య.

అక్కడ కంపెనీయే ఊరు

విశాఖలో ఒక మేస్త్రీతో పడకపోతే ఇంకో మేస్త్రీ దగ్గరికి పోవచ్చు. గది నచ్చకపోతే మారొచ్చు. మెస్ బాగోకపోతే పక్క వీధిలో తినొచ్చు. ఒంట్లో బాగోకపోతే కేజీహెచ్ ఉంది. ఇవన్నీ వేర్వేరు చేతుల్లో ఉంటాయి కాబట్టి ఒకటి చెడినా మిగతావి నడుస్తాయి.

చిన్న ఎడారి పట్నంలో గది కంపెనీదే. తిండి కంపెనీదే. సైట్‌కు బస్సు, క్యాంపులో క్లినిక్, జుమా నమాజ్‌కు మసీదు దాకా వెహికల్, అన్నీ కంపెనీ ఇస్తేనే. కంపెనీ మంచిదైతే ఇది లాభమే. ఖర్చు పెట్టడానికి చుట్టూ ఏమీ ఉండదు కాబట్టి నగరంలో కన్నా ఎక్కువ మిగులుతుంది. కంపెనీ చెడ్డదైతే మాత్రం జీతంతో పాటు కూడు, గూడు, కదలిక అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

అందుకే నగరంలో పనికి అగ్రిమెంటులో ఒక లైను తప్పినా సర్దుకోవచ్చేమో గానీ, ఎడారి పట్నంలో అదే లైను మీద రెండేళ్లు ఆధారపడి ఉంటాయి.

రెండు ఘటనలు చెప్పిన పాఠం

2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో రెండు వీడియోలు కలకలం రేపాయి. అన్నమయ్య జిల్లా వ్యక్తి ఒకరు కువైట్ ఎడారిలో పశుపక్ష్యాదుల దగ్గర ఒంటరిగా పడేశారని ఏడుస్తూ వీడియో పెట్టాడు. ఖతార్‌లో ఉద్యోగం అని బయల్దేరిన కోనసీమ యువకుడు సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర తేలాడు. రెండు సందర్భాల్లోనూ రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ స్పందించారు. ఇద్దరూ ఇంటికి చేరారు.

ఇద్దరి దగ్గరా ఫోన్ ఉంది, సిగ్నల్ ఉంది, వీడియో నలుగురి కంట పడింది. ఈ మూడూ అందరికీ కలిసిరావు. రెండు ఘటనల్లోనూ దెబ్బకొట్టింది గల్ఫ్ అన్న పేరు కాదు. ఏ చోట, ఏ పని అన్నది ఇక్కడే తేలకపోవడం.

వీసా మీద పని పేరు చదవండి

ఉర్దూ చదవడం వచ్చినవాళ్లకు ఇక్కడ ఓ సౌలభ్యం ఉంది. వీసా కాగితం మీద పని పేరు అరబీలో ఉంటుంది. భాష రాకపోయినా అక్షరాలు కూడబలుక్కోవచ్చు. 'లహ్హామ్' అంటే వెల్డర్. 'సాయిఖ్' అంటే డ్రైవర్. 'ఆమిల్' అంటే కూలీ. 'రాయీ' అని ఉంటే పశువుల కాపరి. ఏజెంటు నోటితో 'వెల్డర్' అని, కాగితం మీద 'ఆమిల్' అని ఉంటే అక్కడ నడిచేది కాగితమే. మన వీధిలో అరబీ చదవడం రాని పక్కింటివాళ్ల అబ్బాయి వెళ్తున్నా ఆ కాగితం ఒకసారి చూసిపెట్టడం మంచిది.

పేరులో ఈ తేడా చిన్నది కాదు. సౌదీలో 2021 మార్చిలో వచ్చిన మార్పుల వల్ల కంపెనీ కార్మికులు కొన్ని షరతులతో ఖఫీల్ అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. కానీ ఆ మార్పులు పశువుల కాపర్లకు, ఇంటి డ్రైవర్లకు, ఇంటి పనివాళ్లకు, తోట పనివాళ్లకు వర్తించలేదు. సరిగ్గా ఎడారిలో ఒంటరిగా ఉండేవాళ్లే ఆ రక్షణకు బయట ఉండిపోయారు. పని వదిలి వెళ్లిపోతే యజమాని 'హురూబ్' అంటే పారిపోయాడని రిపోర్టు పెట్టే ప్రమాదం ఉంటుంది. అప్పుడు ఇఖామా ఉన్నా చిక్కే.

లెక్క ఇలా వేసుకోండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించినవే, ఎవరికి వారు తమవి పెట్టుకోవచ్చు.

ఆనందపురం దగ్గర ఓ వెల్డర్‌కు సౌదీలో నెలకు 1,200 రియాళ్ల బేసిక్, తిండి, గది కంపెనీవి అని ఆఫర్ వచ్చింది. రియాల్ రూ.23 అనుకుంటే రూ.27,600. ఫోన్, సబ్బులు, చిల్లర ఖర్చులకు 200 రియాళ్లు, అంటే రూ.4,600 తీసేస్తే ఇంటికి పంపేది రూ.23,000. ఇంట్లో ఖర్చు రూ.12,000 పోగా మిగిలేది రూ.11,000.

వెళ్లడానికి రెండు రూపాయల వడ్డీకి రూ.1,20,000 అప్పు చేశాడనుకుందాం. మొదటి నెల వడ్డీయే రూ.2,400. ఆ మిగులంతా అప్పుకే కట్టినా తీరడానికి ఏడాది దాటుతుంది. రెండేళ్ల అగ్రిమెంటులో సగం అప్పుకే పోయింది.

ఇప్పుడు ఒక్క మాట మార్చి చూడండి. 'తిండి కంపెనీది' అన్నచోట 'తిండి సొంతం' అని ఉంది. నెలకు 300 రియాళ్లు, అంటే రూ.6,900 అక్కడే ఖర్చయింది. మిగిలేది రూ.4,100. అందులో వడ్డీ పోను అసలుకు జమయ్యేది మొదట్లో రూ.1,700 మాత్రమే. ఈ లెక్కన అప్పు తీరడానికి 45 నెలలు. అగ్రిమెంటు మాత్రం 24 నెలలే. పని మారలేదు, జీతం మారలేదు. ఒక్క లైను మారింది.

మరి చట్టం ప్రకారం ఏజెంటు ఎంత తీసుకోవాలి? భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంటు సర్వీస్ ఛార్జీ రూ.30,000, దానిపై జీఎస్టీ మించకూడదు. 18 శాతం జీఎస్టీతో రూ.35,400. రసీదు ఇవ్వాలి. పై ఉదాహరణలో తిండి కంపెనీదే అయితే ఈ అప్పు నాలుగో నెలలో తీరిపోతుంది.

ఓవర్‌టైమ్ కూడా చూసుకోవాలి. 'జీతం 1,800' అని చెప్పి అందులోనే ఓవర్‌టైమ్ కలిపేస్తే అసలు బేసిక్ తక్కువని అర్థం. సౌదీ కార్మిక చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంటుంది. రంజాన్‌లో ముస్లిం కార్మికులకు రోజుకు 6 గంటలు. అంతకుమించి చేస్తే ఓవర్‌టైమ్.

ఎండ సంగతి

విశాఖ ఎండకు అలవాటు పడ్డవాళ్లం, మనకేం అనుకోవద్దు. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఒంటి మీదే నిలుస్తుంది, దాహం తెలుస్తుంది. ఎడారి లోపల గాలి పొడి. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలియదు. తెలిసేసరికి తల తిరుగుతుంది. రువైస్, జుబైల్ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఎండ, తేమ రెండూ ఉంటాయి కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అది ఇంకో రకం ప్రమాదం.

కొత్తగా వెళ్లినవాళ్లు మొదటి వారం పని గంటలు మెల్లగా పెంచుకోవాలి. దాహం వేసినా వేయకపోయినా 15, 20 నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలట్లేదని గుర్తు. చలికాలంలో తబూక్ లాంటి చోట్ల రాత్రిళ్లు గడ్డకట్టే చలి. దుప్పటి, స్వెటర్ ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి.

వేసవి మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని గల్ఫ్ దేశాల్లో చట్టాలున్నాయి. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు 12 నుంచి 3 గంటల దాకా. యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుంచి 3 దాకా. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు 11 నుంచి 4 దాకా. ఈ వేళలు తెలిసి ఉంటేనే అడగగలం.

వెళ్లేముందు కాగితాలు

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కింద ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పని మీద వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా జరుగుతుంది. అందులో కంపెనీ పేరు, పని, జీతం నమోదవుతాయి. దీన్ని తప్పించి విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటు మన పేరు ఎక్కడా నమోదు కాకుండా పంపిస్తున్నాడని అర్థం. రేపు సమస్య వస్తే చూపించడానికి కాగితమే ఉండదు.

ఈసీఆర్ కార్మికులకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షల కవరేజీ. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375. ఈసీఆర్ కానివాళ్లూ వివరాలు కనుక్కోవడం మంచిది.

ఏజెంటు లైసెన్సు ఉన్నవాడో కాదో ఈ-మైగ్రేట్ సైట్‌లోనే చూసుకోవచ్చు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో గుర్తింపు లేదు. మన బంధువే అయినా, మసీదు దగ్గర రోజూ కనిపించే భాయే అయినా లైసెన్సు నంబరు అడగడంలో తప్పు లేదు.

సంతకానికి ముందు ఈ ప్రశ్నలు

పని చేసే ఊరి పేరు ఏమిటి? అది అగ్రిమెంటులో రాసి ఉందా? దగ్గరి పెద్ద నగరం, ఎంబసీ ఎంత దూరం?

వీసా మీద పని పేరు, అగ్రిమెంటులో పని పేరు ఒకటేనా?

బేసిక్ ఎంత? తిండి, గది, సైట్‌కు బస్సు, వైద్యం ఎవరి ఖర్చు?

జీతం బ్యాంకులో వేస్తారా, చేతికిస్తారా? యూఏఈ 2009 నుంచి జీతాలు బ్యాంకుల ద్వారా ఇచ్చే విధానం పెట్టింది. తర్వాత సౌదీ, ఒమన్, ఖతార్ కూడా తెచ్చాయి. చేతికిచ్చే జీతానికి రుజువు మిగలదు.

క్యాంపులో ఫోన్ సిగ్నల్ ఉందా? యూఏఈలో మామూలు వాట్సాప్ కాల్స్ కలవవు కాబట్టి ఇంట్లోవాళ్లతో మాట్లాడే దారి ముందే చూసుకోవాలి.

పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, బీమా కాగితాల జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో అమ్మీ దగ్గరో, భార్య దగ్గరో ఉంచాలి. కంపెనీ పేరు, ఊరి పేరు తెలుగులో ఓ కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆపదలో ఫిర్యాదు చేసేది చాలాసార్లు ఇంట్లోవాళ్లే. "మావాడు సౌదీలో ఉన్నాడు" అంటే అధికారులు వెతకలేరు. ఊరి పేరు, కంపెనీ పేరు చెబితే వెతకగలరు.

అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800113090కు ఫోన్ చేయొచ్చు. అక్కడికి వెళ్లాక వచ్చే ఫిర్యాదులకు విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్ ఉంది. డబ్బు కట్టకముందు చేసే ఫోనుకు అయ్యే ఖర్చు ఏమీ లేదు.