పిడుగును వెతకబోయినవాడి యంత్రం

మా తాతయ్య దగ్గర ఒక మర్ఫీ రేడియో ఉండేది. వేసవి మధ్యాహ్నాలు విజయవాడ కేంద్రం పెట్టుకుని నులకమంచం మీద నడుం వాల్చేవాడు. ఒక్కోరోజు పాట మధ్యలో రేడియో గరగరమనేది. కాసేపు ఆగేది, మళ్లీ గరగర. బయట చూస్తే ఎండ మండిపోతూ ఉండేది, మా నెత్తిమీద మబ్బు తునక కూడా ఉండేది కాదు. వంటింట్లోంచి నాయనమ్మ మాత్రం "డాబా ఎక్కి వడియాలు దింపండర్రా" అని కేకేసేది. గంటో గంటన్నరో గడిచేసరికి పడమటి దిక్కున దుమ్ము లేచేది. ఆ లెక్క ఆవిడకు ఎవరూ చెప్పలేదు. రేడియో గరగరలాడితే ఎక్కడో ఉరుముతున్నట్టేనని ఏళ్ల తరబడి విని తెలుసుకుంది.

ఆవిడ తెలుసుకున్నది నిజమే. మెరుపు మెరిసినప్పుడల్లా వెలుగుతో పాటు రేడియో తరంగాలు కూడా పుడతాయి. వెలుగు కనపడనంత దూరానికి, ఉరుము వినపడనంత దూరానికి అవి వెళ్లగలవు. మీడియం వేవ్ రేడియో పాటను ఎలా పట్టుకుంటుందో వాటినీ అలాగే పట్టుకుంటుంది.

సరిగ్గా ఈ గరగరనే చెవులు రిక్కించి విన్న మనిషి ఇంకొకడున్నాడు. పేరు రాబర్ట్ వాట్సన్-వాట్, స్కాట్లాండ్ వాడు. 1915లో బ్రిటన్ వాతావరణ శాఖలో చేరాడు. అప్పటి విమానాలకు ఉరుముల మబ్బు ఎదురైతే చావుతో సమానం. మెరుపు పంపే రేడియో సంకేతాన్ని బట్టి ఆ మబ్బు ఎటువైపు ఉందో చెప్పగలిగితే పైలట్‌ను ముందే హెచ్చరించవచ్చునన్నది ఆయన ఆలోచన. చిక్కల్లా ఆ సంకేతం రెప్పపాటులో వచ్చి పోవడమే. ఏరియల్‌ను చేత్తో తిప్పి దిక్కు పట్టేలోగా అది మాయమయ్యేది. 1920లలో హెర్డ్ అనే సహచరుడితో కలిసి ఏరియల్‌కు కాథోడ్ రే తెరను జోడించాడు. మెరుపు మెరిసిన క్షణంలోనే, అది ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకు తెరమీద ఒక వెలుగు గీత పడేది.

ఈ కథలో నాకు ఎప్పటికీ పాతబడనిది ఆ తర్వాత జరిగిన సంగతి. 1935 నాటికి బ్రిటన్‌కు యుద్ధభయం పట్టుకుంది. శత్రు విమానాన్ని రేడియో కిరణంతో మాడ్చేయగలమా అని పైవాళ్లు వాట్సన్-వాట్‌ను అడిగారు. ఆయన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ లెక్క కట్టి, మాడ్చడం కుదరదు గానీ విమానాన్ని తాకి వెనక్కి వచ్చే తరంగాన్ని పట్టుకోవచ్చని తేల్చాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర పొలాల్లో ఒక వ్యానులో పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. బీబీసీ ప్రసార కేంద్రం నుంచి వెళ్లిన తరంగాలు, పైన ఎగురుతున్న హేఫర్డ్ బాంబర్ విమానాన్ని తాకి వచ్చి తెరమీద కదిలాయి. బ్రిటన్ రాడార్ అక్కడ పుట్టింది. ఉరుముల మబ్బును వెతికే పనిలో చేయి తిరిగిన మనిషే దానికి తండ్రి కావడం, పుట్టిన బిడ్డ మబ్బులను వదిలి విమానాల వెంట పడడం ఆ కాలపు అవసరం.

బిడ్డ మళ్లీ మబ్బుల దగ్గరకు రావడానికి అట్టే కాలం పట్టలేదు. 1940లో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ అనే ఇద్దరు కేవిటీ మాగ్నెట్రాన్ తయారుచేశారు. దాంతో 10 సెంటీమీటర్ల పొట్టి తరంగాలను బలంగా పంపడం చేతనైంది. విమానాలు తెరమీద తేటగా కనపడసాగాయి. వాటితో పాటు పిలవని చుట్టాల్లా తెల్లటి మరకలు కూడా కనపడసాగాయి. అవి వాన జల్లులు. రాడార్ ముందు కూర్చున్న సైనికులకు అవి అడ్డు, విమానాన్ని దాచేసే చెత్త. ఆ చెత్త ఎంత ఉంటుందో లెక్క కట్టే పని జె. డబ్ల్యూ. రైడ్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. చినుకులు రేడియో తరంగాన్ని ఎలా చెదరగొడతాయో ఆయన కట్టిన లెక్కే వాతావరణ రాడార్ శాస్త్రానికి పునాది అయింది.

ఇక్కడ కొంచెం ఆగి యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. మచిలీపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఎత్తున తెల్లటి పెద్ద బంతి కనపడుతుంది. ఆ బంతి గొడుగు మాత్రమే. లోపల ఒక పళ్లెం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. అది ఒక్క తరంగపు తునకను, సెకనులో పది లక్షల వంతు సేపు, బయటికి వదులుతుంది. తర్వాత నోరు మూసుకుని వింటుంది. 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న మబ్బును తాకిన ప్రతిధ్వని సెకనులో వెయ్యో వంతులో తిరిగి వచ్చేస్తుంది. వచ్చిన ఆలస్యాన్ని బట్టి దూరం, పళ్లెం చూస్తున్న దిక్కును బట్టి చోటు, ప్రతిధ్వని బలాన్ని బట్టి వాన తీవ్రత తెలుస్తాయి. ఒక చుట్టు పూర్తయ్యాక పళ్లెం తల కాస్త పైకెత్తి మరో చుట్టు తిరుగుతుంది. అలా మబ్బును అంతస్తులు అంతస్తులుగా చూస్తుంది.

వాన తీవ్రత తెలుసుకోవడం అన్నంత సులువు కాదు. చినుకు వ్యాసం మూడింతలైతే అందులోని నీళ్లు 27 రెట్లవుతాయి. అది తిప్పికొట్టే తరంగం మాత్రం 729 రెట్లవుతుంది. అంటే నాలుగు లావాటి చినుకులు తెరమీద కుండపోతలా కనపడి కంగారు పెట్టగలవు. ఈ చిక్కుముడి విప్పింది కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మార్షల్, పామర్. రంగు అద్దిన వడపోత కాగితాలను వానలో పట్టి, పడిన మచ్చల సైజులు కొలిచి, ఏ వానలో ఏ సైజు చినుకులు ఎన్ని ఉంటాయో 1948లో ఒక సూత్రం ఇచ్చారు. చేతిలో కాగితం పట్టుకుని వానలో నిలబడిన ఆ ఓపికే ఈనాటికీ రాడార్ బొమ్మల్లోని పచ్చ, పసుపు, ఎరుపు రంగుల వెనక ఉంది.

1953 ఏప్రిల్ 9న అమెరికాలోని ఇల్లినాయ్‌లో డొనాల్డ్ స్టాగ్స్ అనే ఇంజనీరు ఒక రాడార్‌ను సరిచూస్తున్నాడు. అది వాన కొలిచే పని కోసం పెట్టినది. పని అయిపోయింది, కట్టేసి వెళ్లిపోవచ్చు. తెరమీద ఒక మబ్బు చివర గాలంలా వంకర తిరగడం చూసి ఆగాడు, తెరను ఫొటోలు తీసేలా పెట్టాడు. ఆ గాలం కింద నేలమీద టోర్నడో అనే సుడిగాలి తిరుగుతోంది. టోర్నడో జాడ రాడార్ బొమ్మలో దొరకడం అదే మొదలు. అప్పటినుంచి ఆ దేశపు వాతావరణ శాఖ వసంతం వచ్చిందంటే తెరమీద గాలం కోసం వెతకడం మొదలుపెట్టింది. కానీ గాలం కనపడేసరికి తరచుగా సుడి నేలను తాకేసి ఉండేది. వాన ఎక్కడుందో తెలుస్తోంది, లోపల గాలి ఏం చేస్తోందో తెలియడం లేదు.

దానికి జవాబు నూరేళ్లకు ముందే ఉంది. రైలు కూత వేస్తూ మన వైపు వస్తుంటే సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినపడుతుంది కదా. ఆ మార్పు ఎందుకో 1842లో ప్రాగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ చెప్పాడు. ఆయన చెప్పింది జంట నక్షత్రాల రంగుల గురించి. శబ్దంలో దాన్ని పరీక్షించింది మాత్రం హాలండ్‌కు చెందిన బాయిస్ బాలట్. 1845లో ఉట్రెక్ట్ దగ్గర ఒక రైలింజను మీద బూరలు ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను నిలబెట్టాడు. రైలు వస్తున్నప్పుడు స్వరం పెరిగింది, పోతున్నప్పుడు తగ్గింది. ఆ బాయిస్ బాలటే తర్వాత తన దేశపు వాతావరణ సంస్థను స్థాపించాడు. తన బూరల పరీక్ష ఒకనాటికి తన శాఖకే పనికొస్తుందని ఆయనకు తెలిసే వీలు లేదు.

చినుకు రాడార్ వైపు వస్తుంటే తిరిగివచ్చే తరంగం ఒక పిసరు సన్నబడుతుంది. ఎంత? గాలి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో తోస్తున్న చినుకైతే, సెకనుకు 300 కోట్ల సార్లు ఊగే తరంగంలో 400 ఊపుల తేడా వస్తుంది. ఆ తేడా పట్టగలిగిన రాడార్‌ను ఓక్లహోమాలోని నార్మన్‌లో, వైమానిక దళం పక్కన పెట్టిన పాత రాడార్‌తో కట్టారు. 1973 మే 24న యూనియన్ సిటీ అనే చిన్న ఊరిని టోర్నడో ఊడ్చేసింది. తర్వాత రోడ్జర్ బ్రౌన్, లెస్ లెమన్, డాన్ బర్జెస్ ఆ రోజు రికార్డులు విప్పి చూశారు. మబ్బు నడిమధ్యలో, పక్కపక్కనే, ఒకచోట గాలి రాడార్ వైపు దూసుకొస్తోంది, ఇంకొకచోట దూరంగా దూసుకుపోతోంది. అంటే సుడి. అది నేలను తాకడానికి సుమారు 20 నిమిషాల ముందే మబ్బు కడుపులో పుట్టింది. ఆ ఇరవై నిమిషాల కోసమే అమెరికా 1990లలో దేశమంతటా నూటయాభైకి పైగా డాప్లర్ రాడార్లు నిలబెట్టింది. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలు ఏప్రిల్, మే నెలల్లో సైరన్ మోగగానే పిల్లల్ని తీసుకుని కిటికీలు లేని స్నానాల గదిలోకి వెళ్లి కూర్చోగలుగుతున్నాయంటే దాని వెనక యూనియన్ సిటీ రికార్డులు ఉన్నాయి.

మనకు టోర్నడోలు అరుదు. మన వేసవి మబ్బు చేసే కీడు వేరు. అది పైనుంచి కిందికి కూలబడుతుంది. మధ్యాహ్నం దాకా నేల కాగి, బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ పైకి ఎగదన్నుకుని పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ మేఘం నిలుస్తుంది. అందులో వాన, వడగళ్లు పడుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ధబాలున నేలకు దిగి నలుదిక్కులా పరుచుకుంటుంది. వానకు ముందు మన మొహానికి తగిలే చల్లగాలి అదే. మామిడి తోటలో కాయను రాల్చేది, రేకులు లేపేది, కరెంటు స్తంభాలు వంచేది అదే. ఈ కిందికి కూలే గాలి గుట్టు విప్పినవాడు టెట్సుయా ఫుజిటా. జపాన్‌లో అణుబాంబు పడిన చోట చెట్లు కేంద్రం నుంచి చుట్టూ వాలిపోయి ఉండడం యువకుడిగా కళ్లారా చూసినవాడు. ఏళ్ల తర్వాత అమెరికాలో గాలివాన దెబ్బతిన్న అడవుల మీద విమానంలో తిరుగుతూ అదే నక్షత్రం ఆకారం చూశాడు. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న బోయింగ్ కూలి 110 మందికి పైగా చనిపోయినప్పుడు, దాన్ని నేలకు కొట్టింది ఇలాంటి గాలేనని చెప్పాడు. చాలామంది నమ్మలేదు. 1978లో డాప్లర్ రాడార్లు ఆ గాలిని పట్టి చూపించాక నమ్మక తప్పలేదు.

మన తీరానికి రాడార్ తుపానుల కోసం వచ్చింది. 1970లో విశాఖపట్నంలో తుపానులను కనిపెట్టే రాడార్ పెట్టారు. డాప్లర్ రాడార్ మొదట 2002లో చెన్నైకి, ఆ తర్వాత కోల్‌కతా, మచిలీపట్నం, విశాఖ, శ్రీహరికోట, హైదరాబాద్‌లకు వచ్చింది. శ్రీహరికోటది మన ఇస్రో, భారత్ ఎలక్ట్రానిక్స్ కలిసి కట్టినది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖలో కైలాసగిరి మీది రాడార్‌ను కూడా దెబ్బతీసింది. తుపాను కోసం తెచ్చిన ఈ యంత్రాలకు మార్చి నుంచి జూన్ దాకా, వేసవి ఉరుముల వానల దగ్గర కూడా చేతినిండా పని దొరుకుతుంది. తుపాను నాలుగు రోజుల ముందు కబురు పెట్టి వస్తుంది. వేసవి మబ్బు ఆయుష్షు ఒక గంట. ఉదయం చూస్తే ఉండదు, సాయంత్రం చూస్తే ఉండదు. పది నిమిషాలకొకసారి ఆకాశమంతా కలయజూసే కన్ను తప్ప దాన్ని పట్టగలిగేది లేదు.

ఆ కంటికి ఇప్పుడు ఇంకో చూపు కూడా వచ్చింది. కొత్త రాడార్లు అడ్డంగా ఊగే తరంగాన్నీ నిలువుగా ఊగే తరంగాన్నీ రెంటినీ పంపుతాయి. పెద్ద చినుకు బొమ్మల్లో గీసినట్టు కన్నీటిబొట్టులా ఉండదు. కిందినుంచి గాలి నెట్టడం వల్ల అడుగు చదునై, అచ్చం ఇడ్లీలా ఉంటుంది. కాబట్టి అడ్డంగా ఎక్కువ, నిలువుగా తక్కువ ప్రతిధ్వని ఇస్తుంది. వడగల్లు దొర్లుకుంటూ పడుతుంది గనక రెండూ దాదాపు సమానం. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లాలో నేల తెల్లబడేలా వడగళ్లు పడిన దృశ్యాలు చూసినవాళ్లకు, మబ్బులో ఉన్నది నీళ్లా రాళ్లా అని ముందే తెలియడం రైతుకు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

కనపడనివీ ఉన్నాయి. భూమి గుండ్రం, రాడార్ చూపు తిన్నగా పోతుంది. హైదరాబాద్ రాడార్ కిందచూపు ఆదిలాబాద్ చేరేసరికి నేలకు దాదాపు ఆరు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మబ్బు తల కనపడుతుంది, అడుగున ఏం జరుగుతోందో కనపడదు. నాగపూర్ రాడార్ దగ్గర గనక అక్కడ కొంత ఆదుకుంటుంది. జిల్లాకొక చిన్న రాడార్ కావాలని అడిగేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మన దేశంలో పిడుగులు ఏటా రెండున్నర వేల మందికి పైగా ప్రాణాలు తీస్తున్నాయి. వాళ్లలో ఎక్కువమంది పొలంలో ఉన్నవాళ్లు, మేకలు కాస్తున్నవాళ్లు, చెట్టు కిందికి పరుగెత్తినవాళ్లు.

ఆ పిడుగుల కోసం ఇప్పుడు రాడార్ పక్కన మరో యంత్రం పనిచేస్తోంది. అది ఏమీ పంపదు, వింటుంది. మెరుపు వదిలిన రేడియో సంకేతం ఒక్కో కేంద్రానికి ఎన్ని మైక్రోసెకన్ల తేడాతో చేరిందో చూసి, పిడుగు ఎక్కడ పడిందో లెక్కగడుతుంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు విపత్తుల అధికారులు చెప్పగలిగింది ఇలాంటి యంత్రాల వల్లనే. వాట్సన్-వాట్ 1915లో చేయాలనుకున్న పని ఇదే.

కిందటేడు మే మొదట్లో గుడివాడ దగ్గర మా ఊళ్లో ఉన్నాను. దాళ్వా ధాన్యం కల్లంలో ఆరబోసి ఉంది. మూడు గంటలప్పుడు అన్నయ్య ఫోను గట్టిగా మోగింది. వచ్చే మూడు గంటల్లో జిల్లాలో అక్కడక్కడ ఉరుములు, మెరుపులతో వాన అని సందేశం.

"అక్కడక్కడ అంటే మన దగ్గరా, ఇంకోచోటా?" అన్నాడు.

మచిలీపట్నం రాడార్ బొమ్మ తెరిచాను. నూజివీడు వైపు ఎర్రటి మరక. పది నిమిషాలు ఆగి మళ్లీ తెరిస్తే మా వైపు జరిగింది. ఆ రెండు బొమ్మల మధ్య ఎడం వేలితో కొలిచి చూపించాను. అన్నయ్య ఇంకేం అడగలేదు. బరకాలు తెమ్మని పాలేళ్లను కేకేశాడు. నలుగురం కలిసి రాశులు ఎగదోసి, బరకాలు కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాం. ఆఖరి రాయి పెట్టి నడుం ఎత్తేసరికి చల్లగాలి తగిలింది. తడిసిన మట్టి వాసన వచ్చింది. అన్నయ్య కల్లం పక్కన తాటిచెట్టు వంక చూసి, "ఇక్కడ నిలబడొద్దు, ఇంట్లోకి పదండి" అన్నాడు.