పాత కారులో ఇంజిన్ కంప్యూటర్ మార్పిడి: హోండా సివిక్ ఆధారంగా ఒక వివరణ

వ్యాస సంగ్రహం

కారులోని ఇంజిన్ కంప్యూటరును తీసి మరో తరానికి చెందిన కంప్యూటరును అమర్చినప్పుడు తీగల అనుసంధానంలో ఏ మార్పులు అవసరమవుతాయో, ఆ మార్పిడి వల్ల ఏది లభిస్తుందో, ఏది కోల్పోవలసి వస్తుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. అమెరికాలో అమ్ముడైన 1996-98 నాటి హోండా సివిక్‌లో 1992-95 తరానికి చెందిన 'పీ28' కంప్యూటరును అమర్చే పద్ధతిని ఇక్కడ ఉదాహరణగా స్వీకరించడమైనది.

కీలక పదాలు: ఇంజిన్ కంప్యూటర్, వైరింగ్, సెన్సర్, ఇంజెక్టర్, గ్రౌండ్, ఓబీడీ.

1. ఉపోద్ఘాతం

ఇంజిన్ కంప్యూటరు ప్రధానంగా రెండు నిర్ణయాలు చేస్తుంది: ప్రతి సిలిండరుకు ఎంత ఇంధనం అందించాలి? స్పార్కును ఏ క్షణంలో రప్పించాలి? ఈ నిర్ణయాలకు ఆధారం సెన్సర్ల నుండి వచ్చే విద్యుత్ సంకేతాలు. వాటి ఫలితం ఇంజెక్టర్లకు, ఇగ్నిషన్‌కు వెళ్ళే ఆజ్ఞలు. అందువల్ల కంప్యూటరును విడి వస్తువుగా కాక, తీగలతోను, సెన్సర్లతోను, తనలోని పట్టికలతోను కలిసి పనిచేసే ఒక వ్యవస్థలో భాగంగా చూడాలి. పెట్టెను మార్చడం కొద్ది నిమిషాల పని. ఆ వ్యవస్థను తిరిగి పొందికగా నిలబెట్టడమే అసలు పని.

2. పీ28ను ఎంచుకోవడానికి కారణం

పీ28 అమెరికా విపణిలోని 1992-95 సివిక్‌లో, విటెక్ సౌకర్యం గల 1.6 లీటర్ల డీ16జడ్6 ఇంజినుకు ఉద్దేశించిన కంప్యూటరు. ఇందులోని ఓకి సంస్థ మైక్రోకంట్రోలరు సాధారణంగా తన అంతర్గత మెమరీలోని ప్రోగ్రామునే నడుపుతుంది. అయితే దాని సర్క్యూట్ బోర్డుపై బయటి మెమరీ చిప్పుకు స్థలం ఖాళీగా వదిలి ఉంది. అక్కడ 28 కాళ్ళ సాకెట్టు, 74హెచ్‌సీ373 అనే లాచ్ చిప్పు, మరికొన్ని చిన్న విడిభాగాలు అతికి, 'జే1' అనే లంకెను కలిపితే, మైక్రోకంట్రోలరు బయటి చిప్పులోని ప్రోగ్రామును చదవడం మొదలుపెడుతుంది. 32 కిలోబైట్ల 27సీ256 చిప్పు ఇందుకు సరిపోతుంది. ఇంధన పట్టికను, స్పార్కు పట్టికను మార్చుకొనే వీలు ఈ విధంగా కలుగుతుంది. ఈ కంప్యూటరుకు ఔత్సాహికులలో ఆదరణ రావడానికి మూలం ఇదే.

3. పిన్నుల అమరిక

ఈ తరం హోండా కంప్యూటరుకు మూడు కనెక్టర్లు ఉంటాయి: ఏ (26 పిన్నులు), బీ (16 పిన్నులు), డీ (22 పిన్నులు). మొత్తం 64. 1996 తర్వాతి కార్ల కనెక్టర్ల ఆకారమే వేరు కాబట్టి నేరుగా తగిలించడం కుదరదు. కారు తీగలను కోసి అతకవచ్చు. కాని ఒక వైపు పాత కనెక్టరు, మరో వైపు కొత్త కనెక్టరు గల మధ్యంతర తీగల కట్టను అమర్చడం మేలు. అవసరమైతే కారును పూర్వస్థితికి తేవచ్చు.

పిన్నుల వరుసను ఊహతో నిర్ణయించరాదు. ఉదాహరణకు ఇంజెక్టర్ల ఆజ్ఞలు ఏ1, ఏ3, ఏ5, ఏ2 పిన్నుల నుండి వరుసగా 1, 2, 3, 4 సిలిండర్లకు వెళతాయి. అంటే ఏ2 రెండవ సిలిండరుది కాదు, నాలుగవదానిది. ఈ తీగలు తారుమారైనా ఇంజిను నడవవచ్చు; ఇంధనం మాత్రం తప్పు సమయంలో పడుతుంది. పైకి కనిపించని ఇటువంటి దోషమే ఎక్కువ ప్రమాదకరం.

డిస్ట్రిబ్యూటరులోని మూడు అయస్కాంత సెన్సర్ల తీగలు బీ11 నుండి బీ16 వరకు జంటలుగా ఉంటాయి. డిస్ట్రిబ్యూటరు ఒక్కసారి తిరిగేలోగా వీటి నుండి వరుసగా 1, 4, 24 సంకేతాలు వస్తాయి. అది ఒకసారి తిరిగితే క్రాంక్ షాఫ్టు రెండుసార్లు తిరుగుతుంది. కాబట్టి 24 సంకేతాలంటే క్రాంక్ ప్రతి 30 డిగ్రీలకు ఒకటి. ఒక జంటలోని రెండు తీగలు పరస్పరం మారితే సంకేత తరంగం తలక్రిందులై, కంప్యూటరు లెక్కించే కోణం తప్పుతుంది.

విటెక్ లేని ఇంజిను గల కారులో ఏ4 (విటెక్ సోలినాయిడ్), డీ6 (చమురు పీడన స్విచ్) పిన్నులకు చేరే తీగలు ఉండవు. అవి లేకుంటే పీ28 21, 22 సంఖ్యల దోష సంకేతాలను చూపుతుంది. అప్పుడు ప్రోగ్రాములోనే విటెక్‌ను నిలిపివేయాలి. విటెక్ ఇంజినును అమర్చినట్లయితే ఆ రెండు తీగలను కొత్తగా లాగాలి.

4. గ్రౌండు, ఇంజెక్టర్ల నిరోధం

ఇటువంటి పనులలో గ్రౌండు తీగలకు తగిన శ్రద్ధ దక్కకపోవడం కద్దు. తుప్పు పట్టిన గ్రౌండు జాయింటులో 0.05 ఓముల నిరోధం ఉందనుకుందాం. దాని గుండా 10 ఆంపియర్లు ప్రవహిస్తే 0.5 వోల్టుల తేడా ఏర్పడుతుంది. సెన్సర్లు పనిచేసే పరిధి 5 వోల్టులే కాబట్టి, సెన్సరు కూడా అదే గ్రౌండును పంచుకొంటే పదో వంతు పొరపాటు వస్తుంది. అందుకే సెన్సర్ల గ్రౌండు (డీ21, డీ22) ఇంజెక్టర్ల ప్రవాహాన్ని మోసే గ్రౌండు (ఏ23, ఏ24) నుండి వేరుగా ఉంటుంది. తీగలు ఆదా చేయాలని ఈ రెంటిని ఒకే చోట కలపరాదు.

సివిక్ ఇంజెక్టర్ల నిరోధం సుమారు 10-13 ఓములు. 12 వోల్టుల వద్ద ప్రవాహం ఒక ఆంపియరుకు అటు ఇటుగా ఉంటుంది. సుమారు 2 ఓముల నిరోధం గల ఇంజెక్టర్లను నేరుగా తగిలిస్తే ప్రవాహం 6 ఆంపియర్లకు చేరి, కంప్యూటరులోని ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. అటువంటి ఇంజెక్టర్లకు శ్రేణిలో రెసిస్టర్ల పెట్టెను చేర్చడం తప్పనిసరి.

5. పరీక్షా క్రమం

కంప్యూటరును తగిలించక ముందే ప్రతి తీగనూ మల్టీమీటరుతో రెండు చివరల మధ్య పరీక్షించాలి. తరువాత తాళం తిప్పి, ఇంజిను స్టార్టు చేయకుండా గమనించాలి. చెక్ ఇంజిన్ దీపం సుమారు రెండు సెకన్లు వెలిగి ఆరాలి. అంతసేపే ఇంధన పంపు శబ్దం వినిపించాలి. దీపం ఆరకుండా, దోష సంఖ్యనూ చూపకుండా నిలకడగా వెలుగుతుంటే, మొదట బయటి చిప్పును, దాని అతుకులను అనుమానించాలి. ఆపై సెన్సర్లకు 5 వోల్టులు అందుతున్నదీ లేనిదీ చూడాలి.

తీగలన్నీ సరిగా ఉన్నంత మాత్రాన పని ముగియదు. పీ28 గాలి పరిమాణాన్ని నేరుగా కొలవదు. ఇన్‌టేక్ మానిఫోల్డులోని పీడనం, ఇంజిను వేగం, ఉష్ణోగ్రతలను బట్టి అంచనా వేస్తుంది. ఆ అంచనాకు ఆధారమైన పట్టిక డీ16జడ్6 ఇంజినుకు రాసినది. కామ్ షాఫ్టు గాని, ఇంజెక్టరు పరిమాణం గాని మారితే ఆ పట్టిక చెల్లదు. అధిక భారం మీద ఇంధనం చాలకపోతే డిటొనేషన్ పుట్టి పిస్టన్లు దెబ్బతింటాయి. కావున టైమింగ్ లైటుతో స్పార్కు కోణాన్ని సరిచూసి, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సరుతో గాలి-ఇంధన నిష్పత్తిని కొలిచిన తరువాతనే ఇంజిను మీద పూర్తి భారం మోపాలి.

6. కోల్పోయేది

అమెరికాలో 1996 మోడల్ సంవత్సరం నుండి తేలికపాటి వాహనాలకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. ఉత్ప్రేరక కన్వర్టరు (కాటలిటిక్ కన్వర్టర్) తరువాత అమర్చిన రెండవ ఆక్సిజన్ సెన్సరు ఆ కన్వర్టరు పనితీరును కనిపెడుతుంది. సివిక్‌లో క్రాంక్ వేగపు హెచ్చుతగ్గులను గమనించే సెన్సరు, ఏ సిలిండరులోనైనా దహనం తప్పితే గుర్తించడానికి తోడ్పడుతుంది. పీ28కు ఈ రెండింటితోనూ పని లేదు. కన్వర్టరు చెడిపోయినా దీపం వెలగదు. 16 పిన్నుల పరీక్షా సాకెట్టు ద్వారా తనిఖీ యంత్రానికి సమాధానమూ రాదు.

ఉద్గార నియంత్రణ సాధనాలను నిర్వీర్యం చేయడాన్ని అమెరికా స్వచ్ఛ వాయు చట్టం నిషేధిస్తున్నది. మన దేశంలోను తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను పరిమితి విధించింది. కాబట్టి ఈ మార్పిడి రేసు మైదానానికి పరిమితమైన కారుకు తగును గాని, బహిరంగ రహదారిపై తిరిగే 1996 తరువాతి కారుకు తగదు.

7. ముగింపు

పై చర్చను బట్టి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, పిన్ను పిన్నుకూ అర్థం తెలిసిన తరువాతనే తీగను ముట్టాలి. రెండవది, తీగలు కుదిరినా ప్రోగ్రాములోని పట్టిక ఆ ఇంజినుకే చెంది ఉండాలి. మూడవది, కొత్త కంప్యూటరు ఏమి చేయగలదో తెలుసుకోవడంతో పాటు, పాతది చేస్తున్న ఏ కాపలా పనిని అది మానివేస్తుందో కూడా లెక్కించాలి. మార్పిడి మేలా కీడా అన్నది ఈ మూడవ లెక్క మీదనే ఆధారపడి ఉంది. ఆ లెక్క తేలేవరకు పాత కంప్యూటరునూ దాని తీగలనూ చెక్కుచెదరకుండా భద్రపరచడం ఉచితం.