డిస్కు దొరకలేదని చెప్పుచున్న దెవరు?

పాత లాప్‌టాప్ మీట నొక్కగానే తెర మీద ఒక ఆంగ్ల వాక్యము కనిపించి, యంత్రము అక్కడనే ఆగిపోవును. చాలమంది వెంటనే డిస్కు పోయినదని తీర్మానించి, ఫార్మాట్ చేయుటకు సిద్ధపడుదురు. ఇది తొందరపాటు.

1990 దశకమున తెలుగు కూర్పునకు అను, శ్రీలిపి వంటి ఖతులు వాడెడివారు. ఒక్కొక్క ఖతికి అక్షరముల సంకేతము వేరు. తగిన ఖతి లేనిచో ఫైలు తెరచినను గజిబిజి గుర్తులే కనిపించును. పాలకొల్లులో ఏ పాఠశాల వార్షిక సంచికయో, ఏ క్షీరారామ ఉత్సవ కరపత్రమో అట్టి డిస్కులో మిగిలియున్నచో, వ్రాతయు, దానిని చదివించు ఖతియు అందే యుండును. తుడిచివేసినచో రెండును పోవును.

యంత్రము ఎట్లు మేల్కొనునో చూతము. మొదట లేచునది బయోస్ అను చిన్న కార్యక్రమము. ఇది డిస్కులో గాక, మదర్‌బోర్డు మీది చిప్పులో నుండును. అది డిస్కు యొక్క మొట్టమొదటి సెక్టారును చదువును. దాని పరిమాణము 512 బైట్లు. అందు 446 బైట్లు ఒక చిట్టి కార్యక్రమమునకు, 64 బైట్లు డిస్కు విభాగముల పట్టికకు (నాలుగు విభాగములు, ఒక్కొక్కదానికి 16), చివరి 2 బైట్లు ఒక గుర్తునకు కేటాయింపబడినవి. ఆ గుర్తు 85, 170 అను సంఖ్యలు. విద్యార్థులు వీనిని ద్విసంఖ్యామానములో వ్రాసి చూడవలెను: 01010101, 10101010. చిట్టి కార్యక్రమము విభాగపు తొలి సెక్టారును పిలుచును. అది డాస్ లేక విండోస్ ముఖ్య ఫైళ్లను పిలుచును. పల్లకి మోయు బోయలు మజిలీ మజిలీకి మారినట్లన్నమాట.

కావున తెర మీది వాక్యము ఏమి చెప్పినదని గాక, ఎవరు చెప్పిరని అడుగవలెను. "ఆపరేటింగ్ సిస్టం నాట్ ఫౌండ్" అనునది సాధారణముగా బయోస్ పలుకు. దానికి డిస్కు గాని, గుర్తు గాని కనబడలేదు. "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టం" అనునది చిట్టి కార్యక్రమపు పలుకు. అనగా డిస్కు తిరుగుచున్నది, మొదటి సెక్టారు చదువబడినది. "నాన్ సిస్టం డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్" అనునది ఇంకను లోపలి సెక్టారుది. అయితే ఫ్లాపీని యంత్రమందే మరచినను, ఆ ఫ్లాపీ కూడ ఇదే మాట పలుకును! ముందు దానిని తీసి చూడవలెను.

బయోస్‌కు డిస్కు కనబడనిచో తేదీని గమనింపుడు. అది ఏండ్ల వెనుకకు పోయినచో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినదని అర్థము. పాత యంత్రములలో డిస్కు కొలతలు, అనగా సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు, ఆ బ్యాటరీ బలముననే జ్ఞాపకముండును. డిస్కు చీటీ మీది అంకెలను మరల నమోదు చేసినచో చాలును. తప్పు అంకెలిచ్చినచో మంచి డిస్కే చెడినట్లు తోచును.

డెల్టా గాలిలో తేమ హెచ్చు. డిస్కు పెట్టెకు గాలి పోవు సన్నని రంధ్రముండుటచే తేమ లోనికి చేరును. కొన్ని పాత నమూనాలలో ఏండ్లతరబడి కదలని హెడ్డు పళ్లెమునకు అంటుకొని, మోటారు తిరుగదు. అందుచే చెవి యొగ్గి వినవలెను. నిమిషమునకు 4200 చుట్లు తిరుగు డిస్కు సన్నగా హోరుమనును. నిశ్శబ్దముగా నున్నను, టక్కు టక్కుమను దెబ్బలు వినబడినను మరల మరల మీట నొక్కరాదు; పళ్లెము గీసుకొనిపోవచ్చును.

హోరు బాగున్నచో మొదట చేయవలసినది మరమ్మతు కాదు, నకలు. డిస్కును బయటకు తీసి, అడాప్టరుతో మరొక కంప్యూటరుకు కలిపి, సెక్టారు వెంట సెక్టారుగా మొత్తము ప్రతి తీయవలెను. ఆ కంప్యూటరు "ఫార్మాట్ చేయుదునా?" అని అడిగినచో వద్దనవలెను. ఆ పిదపనే, అదే రకపు డాస్ ఫ్లాపీతో "సిస్" ఆజ్ఞ నిచ్చి ముఖ్య ఫైళ్లను తిరిగి నిలుపవచ్చును. "ఎఫ్‌డిస్క్ /ఎం.బి.ఆర్." అను ఆజ్ఞ చిట్టి కార్యక్రమమును క్రొత్తగా వ్రాయును గాని, చివరి గుర్తు చెడియున్నచో విభాగ పట్టికను కూడ సున్నలతో నింపును.