పసుపుపిట్టను పట్టించేది నలుపే

మామిడి ఆకుల మధ్య పసుపురంగు తళుక్కుమని మాయమైతే ‘ఏదో పసుపుపిట్ట’ అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి తెలుగు నేలమీద పెరటి చెట్లకు వచ్చే పసుపుపిట్టలు చాలా రకాలే ఉన్నాయి. వాటిని పోల్చుకోవడానికి పసుపు కంటే నలుపు ఎక్కువ పనికొస్తుంది.

గోరింకంత పిట్ట, ఒళ్లంతా బంగారు పసుపు, రెక్కలు నలుపు అయితే అది ఒరియోల్, పాత పేరు వంగపండు. కంటికి కాటుక తీర్చినట్టు ఒక్క నల్లచారే ఉంటే గోల్డెన్ ఒరియోల్. ఇది మన దగ్గరికి ఎక్కువగా చలికాలంలో వస్తుంది. తలంతా నల్లగా ఉంటే దాని చుట్టం, ఏడాది పొడవునా ఇక్కడే ఉండే నల్లతల ఒరియోల్. రెండూ గుబురు కొమ్మలు వదిలి నేలకు దిగడం అరుదు. అందుకే కంటికన్నా ముందు వాటి ఈలపాట చెవిన పడుతుంది.

పిచ్చుక కన్నా చిన్నది, చింత, వేప ఆకుల్లో పురుగులు ఏరుకుంటూ జంటగా తిరిగేది అయోరా. నల్లరెక్క మీద రెండు తెల్లగీతలు దీని గుర్తు. జతకట్టే కాలంలో మగది గాల్లోకి ఎగిరి, ఈకలు గుండ్రంగా ఉబ్బించుకుని, మెల్లగా కొమ్మమీదికి జారుతుంది. చూసి తీరాల్సిన విన్యాసం!

మందారాల దగ్గర వంకరముక్కుతో తచ్చాడే పసుపుపొట్ట బుల్లిపిట్ట తేనెపిట్ట. దీని పొడవు సుమారు 10 సెంటీమీటర్లు.

అసలు చిక్కు గిజిగాడితోనే. వానాకాలంలో మగదానికి నెత్తీ రొమ్మూ పసుపు, ముఖాన ముదురు ముసుగు. తాటి, ఈత మట్టలకు వేలాడేలా గూడు అల్లేది అదే. సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే మిగతా పని సాగుతుంది. ఆ కాలం దాటగానే పసుపు పోయి, అచ్చం ఊరపిచ్చుక వాలకం. జనవరిలో గిజిగాళ్లు మాయమయ్యాయని బాధపడేవాళ్ల ఎదుటే అవి గింజలు ఏరుకుంటూ ఉంటాయి.

ఆడపిట్టల విషయంలో ఇంకాస్త ఓపిక కావాలి. ఒరియోల్, అయోరా ఆడవి ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉండి ఆకుల్లో కలిసిపోతాయి.

కూతను ఫోన్‌లో వినిపిస్తే కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ యాప్ ఉచితంగా పేరు సూచిస్తుంది. అది సూచన మాత్రమే. పిట్టను కళ్లారా చూశాకే పేరు ఖాయం చేసుకోండి.