బోల్టు తల చదవడం వచ్చా?

పాత అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించే పని నేర్చుకుంటున్నారా? పెయింటు కన్నా ముందు బోల్టుల సంగతి చూడండి. బ్రిటన్‌ మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ నుంచి వచ్చిన బండి కదా, పాత ఇంజిన్‌లో అంగుళాల కొలతలే. 5/16 అంగుళం బోల్టు అంటే 7.94 మి.మీ. షాపులో ఇచ్చే 8 మి.మీ. బోల్టు అచ్చం అలాగే ఉంటుంది, ఒక చుట్టు ఎక్కుతుంది కూడా. తర్వాత బిగుసుకుంటుంది. పానాతో బలవంతం చేశారో, లోపలి థ్రెడ్‌ పోయినట్టే! దాని థ్రెడ్ల మధ్య దూరం 1.25 మి.మీ., పాతదానికి 1.06 మరి. థ్రెడ్‌ గేజ్‌ దగ్గరుంచుకోండి.

తళతళలాడుతుందని స్టెయిన్‌లెస్‌ స్టీలువి కొంటారు కొందరు. నంబర్‌ ప్లేటుకైతే ఓకే. బ్రేకులు, సస్పెన్షన్‌కు వద్దు. మామూలుగా దొరికే ఏ2-70 రకం టెన్సైల్‌ స్ట్రెంత్‌ 700 మెగాపాస్కల్స్‌, 8.8 ముద్ర ఉన్న ఉక్కు బోల్టుది 800. అంగుళాల బోల్టుల్లో దీనికి దగ్గరిది గ్రేడ్‌ 5, తల మీద మూడు గీతలుంటాయి. ఏ గుర్తూ లేనిది బ్రేకు దగ్గర బిగించి బండి కస్టమర్‌కు ఇవ్వొద్దు.